ఓడకు కట్టిన మొలదారం

మా దిక్కు మొగోని నడుము ఉత్తగ ఉండొద్దు అంటరు. పుట్టిన ఇరవై ఒక్క రోజుకు కట్టిన మొలదారం కాటికి పోయే దాక ఉండాలె. పాతగైతే మార్చుకుంటరు, కాని మార్చుకునేదానికి ఒక పద్ధతి ఉన్నది. కొత్తది కట్టినంకనే పాతది తెంపాలె. నడుమ ఒక్క ఘడియ గూడ ఖాళీ ఉండొద్దు. ఎందుకంటే మొలదారం లేని నడుము పీనుగది ఒక్కదానిదే. మనిషి పోయినంక తానం పోసేటప్పుడు తెంపుతరు, ఇగ కొత్తది కట్టరు.

నాకు చదువు రాదు. సంతకం చేస్త, బస్సు నంబరు గుర్తు పడత, అంతే. నేను వంట చేసే ఇంటి మేడం రాస్తున్నది, నేను చెప్తున్న. వాళ్ళది గోదావరి దిక్కు. వాళ్ళు మొలతాడు అంటరంట. ఏదన్నా అదే దారం. మా ఆయనకు ఏటేటా దసరా ముందు నేనే నల్లదారం పేని ఇచ్చేదాన్ని. ఒక్కసారి అదే దారం ఒక ఓడకు గూడ కట్టమని ఇచ్చిన. ఇచ్చింది శుక్రవారం. ఆదివారం ఆయన ఆ ఓడ కడుపులనే సచ్చిపోయిండు.

నా మాట పట్టుకొని, నేనిచ్చిన దారం కట్టనీకి లోపటికి పోయి సచ్చిపోయిండా? లేకుంటే పని మీద పోయిండా? ఇది ఒక్కటి తెల్వక తొమ్మిదేండ్లు గడిపిన. అడిగితే చెప్పే మనిషి ఈ దేశంలనే ఉండె. అయినా అడగలె. అవునంటడేమో అని.

మా ఆయన మామీర్‌ల కూలీల క్యాంపుల ఉండె. నేను ఉమ్మ్ అల్ హస్సామ్‌ల ఇదే ఇంట్ల ఉంటి. ఒక్క దేశంల ఉండి మొగడు పెండ్లాం వారానికి ఒకపారి కలుసుకునుడు. ఊర్లె మాత్రం "వాళ్ళకేంది, ఇద్దరు దుబాయిల కలిసే ఉన్నరు" అనేటోళ్ళు. ఇది బహ్రెయిన్ అంటే ఎవరు వింటరు. శుక్రవారం పొద్దున వంట ఒడగొట్టి రెండు గంటలు బయటికి వచ్చేదాన్ని. మా సందు మూలకు ఖుబ్బూస్ రొట్టెలు కాల్చే దుకాణం ఉన్నది, దాని ముందట సిమెంటు గద్దె. మా సంసారమంత ఆ గద్దె మీదనే అయ్యింది. రెండు చాయ్‌లు, ఒక వేడి రొట్టె, నేను డబ్బాల తెచ్చిన మామిడికాయ తొక్కు. మాకు పిల్లలు కాలె. ఆ గద్దె మీద మేమిద్దరమే, ఎన్ని ముచ్చట్లో.

ఆయనది గ్యాస్ కటింగ్ పని. సిత్రా దిక్కు సముద్రం ఒడ్డుకు పాత ఇనుము యార్డు ఒకటి ఉండె. అండ్ల పనికిరాని టాంకీలు, పడవలు మంటతోని కోసి ముక్కలు చేసేది. ఆయనకు హెల్పర్‌గ మా పక్క ఊరాయన ఉండె, ఇద్దరు బిడ్డల తండ్రి. వరుసకు మరిది అయితడు, నన్ను వదినె అని పిలుస్తడు. అడిగితే చెప్పే మనిషి అన్న గద, ఆ మనిషి ఈయననే.

ఒక చలికాలం ఆ యార్డుకు ఒక పాత ఓడను గుంజుకొచ్చిండ్రు. ఆ శుక్రవారం మా ఆయన చాయ్ చల్లారిపోయే దాక దాని ముచ్చటనే చెప్పిండు.

"ఓడ అంటే పెద్ద ఓడ కాదే. చేపల పడవ. వల గుంజే పెద్ద చరఖీ గూడ ఉన్నది. కాని దాని ముక్కు మీద ఫిరంగి పెట్టే గుండ్రటి గద్దె ఉన్నది."

"చేపలను ఫిరంగితోని కొడతరా?"

"నీ తలకాయ. చేపలకు కాదు, లడాయికి."

ఆ సంగతి ఆయనకు చెప్పింది యార్డు వాచ్‌మన్. ఈ దేశపు ముసలాయన. ఆ ముసలాయన తండ్రి ఎన్నటిదో ఇంగ్లీషోళ్ళ పెద్ద లడాయిల ఇసొంటి పడవ మీదనే బొగ్గు వేసిండంట. లడాయి వచ్చినప్పుడు ఓడలు సాలక, చేపలు పట్టే పడవలనే తీసుకున్నరంట. ముక్కు మీద ఒక ఫిరంగి, తోక దిక్కు నీళ్ళల పడేసే మందు పీపాలు. సముద్రం అడుగున దాక్కొని వచ్చే ఓడలు ఉంటయి గద, వాటి మీదికి ఆ పీపాలు దొర్లిచ్చేది. అవి ఎక్కడున్నయో చూడనీకి కంటికి కనవడవు. అందుకని నీళ్ళలకు ఒక సప్పుడు పంపి చెవి పెట్టి వినేది. బావిలకు వంగి కూత పెడితే తిరిగొస్తది సూడు, అట్ల.

ఇంకో పని, మందుపాతరలు ఏరుడు. మందుపాతర అంటే మా జిల్లల ఎవ్వరికి చెప్పవలసిన పని లేదు. నా చిన్నతనంల రోడ్డు మీద కొత్త మట్టి కనబడితే బస్సు ఆపి దిగి నడిచినోళ్ళం. కాని సముద్రంల పాతర ఎట్ల పెడతరో నాకు అర్థం కాలె.

"గుంజకు బర్రెను కట్టేస్తం గద" అన్నడు ఆయన. "గట్లనే సముద్రం అడుగున బరువు పెట్టి, దానికి తాడు కట్టి, తాడుకు ఈ గుండును కట్టేస్తరు. అది నీళ్ళల మునిగే ఉంటది, పైకి కనవడది. పైనుంచి పోయే ఓడకు తాకితే ఖతం. ఈ చేపల పడవలు ఏం చేసేదంటే, వల బదులు కోసే తీగ నీళ్ళల వేసి గుంజుకుంట పోయేది. అదే చరఖీ, వల గుంజే మనుషులే. తీగ తగిలి గుండు తాడు తెగేది, అది పైకి తేలేది. అప్పుడు దూరం నుంచి తుపాకి పెట్టి కాల్చేది."

"వాళ్ళు సిపాయిలు కాదా?"

"చేపలు పట్టేటోళ్ళేనంట శానామంది. తాడు గుంజుడు తెలిసినోళ్ళు కావాలె గద."

"గుండు దొరకకపోతే?"

"దొరకకపోతే అదే వీళ్ళను దొరకపట్టేది."

పొద్దున లేచి చేపలు పట్టబోయేటోళ్ళు, వాళ్ళకు గూడ ఒడ్డున ఆడోళ్ళు ఉండి ఉంటరు గద. ముసలాయన తండ్రి బొగ్గు వేసినన్ని దినాలు ముసలాయన నాయనమ్మ బువ్వ తినకముందు సముద్రం దిక్కు చూసి తినేదంట. ఇది గూడ ఆయననే చెప్పిండు.

పడవ మీద పని నెల దినాలు అయ్యింది. ఒక శుక్రవారం ఆయన నవ్వుకుంట వచ్చిండు.

"నిన్న దాని మొలదారం తెంపినమే."

"దేనిది?"

"ఓడది."

ఆయన చెప్పింది ఇది. ఆ గుండ్లల ఇంకో రకం ఉండెనంట. అది తాకకున్నా పేలుతది. పై నుంచి ఇనుము పోతున్నదని తెలిస్తే చాలు. పడవ మొత్తం ఇనుమే ఆయె. అందుకని పడవ నడుము చుట్టూర లోపటి దిక్కు రాగితీగలు చుట్టి, అండ్ల కరెంటు పెట్టేది. కరెంటు పోతున్నంత సేపు అడుగునున్న గుండుకు పైన ఇనుమున్నట్టు తెల్వదు. లడాయి అయిపోయినంక ఫిరంగి తీసిండ్రు, మళ్ళ చేపలు పట్టిండ్రు, సిమెంటు మోసిండ్రు, ఏమేమో చేసిండ్రు. ఆ తీగలకు చెక్క కొట్టి రంగు మీద రంగు వేసుకుంట పోయిండ్రు గాని తియ్యలె. మా వాళ్ళు కోసుడు మొదలువెట్టినంక బయటపడ్డది. ఇనుము తర్వాత, ముందు రాగి గుంజుండ్రి అన్నడంట మేస్త్రి.

"అది చూసి నేనే అన్న" అని మా ఆయన మళ్ళ నవ్విండు. "అరే, దీనికి దిష్టి తగలకుండ మొలదారం కట్టిండ్రురా అని."

నేను చాయ్ కింద పెట్టిన. "కొత్తది కట్టిండ్రా?"

"దేనికి?"

"పాతది తెంపే ముందు కొత్తది కట్టాలె గద."

"పిచ్చిదానా, కోసి ముక్కలు చేసేదానికి కొత్త మొలదారమా?"

"ముక్కలయ్యేది ఎప్పుడు? ఇంకో నెల పడతదంటివి. ఆ నెల దినాలు దాని కడుపులకు పొయ్యేది వచ్చేది నువ్వే గద. నడుము ఉత్తగున్న దాని లోపటికి ఎట్ల పోతవు?"

"దాని నడుముకు సరిపోయే దారం కావాలంటే మనామ బజారు మొత్తం తిరగాలెనే!"

"జానెడు చాలు. ఎక్కడనో ఒక కాడ కట్టు."

నా సంచిల నల్లదారం ఉండ ఉండె. మూరెడు తీసి పండ్లతోని కొరికి ఇచ్చిన. ఆయన అంగీ జేబుల పెట్టుకున్నడు. "కట్టకపోతే వచ్చే శుక్రవారం తొక్కు పెట్టవు గద నువ్వు" అని లేచిండు. అదే మా ఆఖరి ముచ్చట. ఎంత తల కొట్టుకున్నా అంతకన్న పెద్ద మాట ఏది గుర్తుకు రాది. తొక్కు ముచ్చట.

ఆదివారం పగటి పూట మేడం ఫోన్ మోగింది. మేడం నా దిక్కు చూసి మళ్ళ ఫోన్ దిక్కు చూసింది. నేను అన్నం వారుస్తున్న. గంజి అట్లనే చెయ్యి మీద పడ్డది, కాలింది గూడ తెల్వలె.

ఓడ లోపట సగం కోసిన ఇనుప పలక ఆయన మీద పడ్డది. దవాఖానకు పోయేసరికి ఏం లేదు. యార్డు తరఫున ఒకాయన వచ్చి మేడంతోని ఇంగ్లీషుల మాట్లాడిండు. మేడం నాకు చెప్పింది. "అతనికి అక్కడ పనేం లేదంటమ్మా. పని లేని చోటికి ఎందుకు వెళ్ళాడో తెలీదంటున్నారు."

పని లేని జాగకు ఎందుకు పోయిండో తెల్వదు. నాకు తెలిసిపోయింది. ఎవ్వరికి తెల్వలె, నాకు తెలిసింది.

ఆయన సామాన్ ఒక ప్లాస్టిక్ సంచిల ఇచ్చిండ్రు. ఫోన్, క్యాంపు కార్డు, దువ్వెన, ఒకటే చెప్పు. అంగీ దవాఖానల కత్తెరతోని కోసిండ్రు, జేబు అట్లనే ఉండె. జేబుల చెయ్యి పెట్టి చూసిన. దారం లేదు. సంచి దులిపి చూసిన. లేదు. అంటే కట్టనీకే పోయిండు. నేను అనుకున్నదానికి ఇంక సాక్ష్యం ఏం కావాలె?

ఆయన పీనుగను ఊరికి తీస్కపోయినం. తానం పోసేటప్పుడు మా బావ ఆయన మొలదారం తెంపిండు. ఆ దసరాకు నేను పేనిచ్చిందే. ఇంకా నలుపు పోలె. నేను అరిచిన, ఆగుండ్రి, కొత్తది కట్టలేదు అని. ఆడోళ్ళంత నన్ను పట్టుకున్నరు. దుఃఖంల ఏదో అంటున్నది అనుకున్నరు.

ఊర్లె ఉండలేకపోయిన. వచ్చినోళ్ళంత ఎట్ల పోయిండు, ఎందుకు పోయిండు అని అడిగేది. "ఎందుకు" అన్న కాడ నేను లేచి లోపటికి పోయేదాన్ని. మేడం రమ్మంటే మళ్ళ వచ్చిన. ఇక్కడ ఎవ్వరు అడగరు, పని ఉంటది.

ఆయన పోయినంక మరిది నాకు కనవడుడు బంద్ చేసిండు. ఒకపారి సనాబిస్‌ల కూరగాయల దుకాణం కాడ ఎదురైండు. నన్ను చూసి ఇటు తిరిగినట్టే తిరిగి సందుల వడి పోయిండు. నేననుకున్న, ఆయనకు తెలుసు. వదినె ఇచ్చిన దారానికే అన్న పోయిండని తెలుసు, అందుకే మొఖం తిప్పుకుంటున్నడు అని. మనిషి మొఖం తిప్పుకుంటే మన పాపమే కనబడతది.

ఆ నల్లదారం ఉండ నేను పారేయలె, వాడలె. సూది సంచిల అడుగున పెట్టిన. అంగీకి గుండీ ఊడినా తెల్లదారంతోనే కుట్టిన. ఇప్పటికీ టీవీల సముద్రంల మందుపాతరలని ఏదన్న చెప్తే కూర మాడినా సరే వచ్చి నిలబడత. మేడం ఏమనదు, ఛానల్ మార్చది.

పోయిన వారం మరిది ఫోన్ చేసిండు. తొమ్మిదేండ్లకు.

"వదినె, నేను ఇక్కడి పని ఖతం చేసుకొని ఊరికి పోతున్న. ఇగ తిరిగి రాను. ఇంటికి ఏమన్న సామాన్ పంపుతవా?"

సామాన్ ఏం లేదు. అయినా శుక్రవారం రొట్టెల దుకాణం కాడికి రా అన్న.

వచ్చిండు. తల సగం నెరిసింది. నడుము వంగింది. గద్దెకు ఆ కొసకు కూసున్నడు, నేను ఈ కొసకు. నడుమ మా ఆయన కూసుండే జాగ. రెండు చాయ్‌లు చెప్పిన. బిడ్డల పెండ్లిళ్ళ ముచ్చట అడిగిన, చెప్పిండు. చాయ్ సగం అయ్యింది. ఇప్పుడు అడగకపోతే ఇగ లేదు.

"తమ్మీ, ఆయన లోపటికి ఎందుకు పోయిండు?"

ఆయన గిలాస దిక్కు చూసిండు. "ఇప్పుడెందుకు వదినె, పోయినోడు పోయిండు."

"నువ్వు గూడ పోతున్నవు. నువ్వు పోతే ఈ దేశంల ఆ సంగతి తెలిసినోడు ఉండడు. నల్లదారం కట్టనీకి పోయిండా?"

"ఏ నల్లదారం?"

"ఓడకు కట్టమని నేనిచ్చింది."

ఆయన నా మొఖం చూసిండు. తొమ్మిదేండ్లల మొదటిసారి నిటారుగ చూసిండు. "అదా! అది శనివారమే కట్టిండు గద వదినె. బువ్వ తినే యాళ్ళ, అందరి ముందట. ముక్కు మీద ఫిరంగి గద్దె ఉండె సూడు, దాని కొక్కేనికి కట్టిండు. పసుపు లేకుంటే డబ్బాల పప్పు తీసి బొట్టు పెట్టిండు."

"పప్పు బొట్టా?"

"పప్పే. మేమంత ఒకటే నవ్వుడు. పాకిస్తానీ భాయ్‌లు గూడ నవ్విండ్రు. మా ఇంటామె ఆర్డర్, మీకేం తెలుసురా అన్నడు అన్న. వాచ్‌మన్ ముసలాయన ఒక్కడే నవ్వలె. ఏందిది అని అడిగిండు. అన్న చెప్పిండు. చెప్పంగనే ముసలాయన లేచి చేతులు చాపి ఏదో చదివిండు. ఇగ మేము గూడ నవ్వుడు ఆపినం."

శనివారమే కట్టిండు. వెలుతుర్ల, పై కట్టు మీద, అందరి ముందట.

"మరి ఆదివారం?"

ఆయన గిలాస కింద పెట్టిండు. రొట్టెలాయన లోపట పిండి కొడుతున్న సప్పుడు.

"గ్యాస్ గొట్టం లోపట ఇరికింది వదినె. మేస్త్రి పై నుంచి యల్లా యల్లా, జల్ది కానియ్యి అని మొత్తుకుంటున్నడు. గొట్టం గుంజుడు హెల్పర్ పని. నాది. ఆ పొద్దు నాకు నడుము పట్టేసింది, వంగ రాలె. అన్న అన్నడు, నువ్వుండురా, నేను పోయొస్త అని."

"పని లేని జాగ అన్నరు గద."

"పని నాది గద. ఆయనకు పని లేని జాగనే. వాళ్ళు అట్లనే రాసుకున్నరు. నేను అప్పుడు నోరు తెరవలె. తెరిస్తే నువ్వెందుకు పోలేదురా అంటరని భయపడ్డ. నీకు మొఖం ఎట్ల చూపియ్యాలె? నువ్వు ఎదురైతే సందు మారి పోయిన వదినె. నీకు తెలుసనుకున్న."

ఆయనకేమో నాకు తెలుసని. నాకేమో ఆయనకు తెలుసని. ఇద్దరం ఒకే సముద్రం ఒడ్డుకు ఇట్లనే తొమ్మిదేండ్లు.

కోపం వచ్చింది. రాలేదంటే అబద్ధం. చెంప మీద ఒక్కటి పెట్టాలనిపించింది. చేతిల గిలాస ఉండె, దాన్నే గట్టిగ పట్టుకున్న. ఆ పలక ఈయన మీద పడితే ఇంకో ఆడిది ఊర్లె ఆ జేబుల చెయ్యి పెట్టి చూసేది. అది గూడ తట్టింది. కాని వెంటనే తట్టలె. ముందు కోపమే వచ్చింది.

ఇంకొక మాట గూడ చెప్పాలె, మేడం రాయనా వద్దా అని చూస్తున్నది, రాయమన్న. నా దారం కాదు అని తెలిసినంక గుండె తేలిక అయితదనుకున్న. అయ్యింది, కాలేదు. నా మాటకే పోయిండు అనుకున్నన్ని దినాలు పాపం నాదైతే మనిషి గూడ నావోడే ఉండె. నేను చెప్పిన, ఆయన విన్నడు, పోయిండు. ఇప్పుడు చూస్తే రబ్బరు గొట్టం. ఒక రబ్బరు గొట్టం ఇరికింది, పోయిండు. ఆ చేపల పడవ ఎన్ని మందుగుండ్లు తప్పించుకొని వచ్చిందో, దాని మీద మనుషులు ఎంత మంది ఒడ్డు చేరిండ్రో. మా ఆయన పానం ఒడ్డు మీదనే పోయింది, గొట్టం కాడ.

కాని కట్టిండు. నవ్వుతరని తెలిసీ కట్టిండు.

"ఎన్ని ముళ్ళు వేసిండు తమ్మీ?"

"ఏంది?"

"దారానికి. ఎన్ని ముళ్ళు వేసిండు?"

ఆయన కండ్లు మూసుకొని చూసిండు, నిజంగనే గుర్తు తెచ్చుకోనీకి. "గుర్తు లేదు వదినె. నవ్వుతుంటి అప్పుడు."

అబద్ధం చెప్పలె. ఏదో ఒకటి చెప్పి ఉంటే ఇగ ఏది నమ్మకపోదును.

ఆయన లేస్తుంటే అడిగిన, నీ మొలదారం ఎన్నటిది అని. సిగ్గువడ్డడు. ఎన్నేండ్లయిందో, పోయినపారి ఊరికి పోయినప్పుడు కట్టుకున్నదంట. సూది సంచి తీసిన. నల్లదారం ఉండ అడుగున ఉండె, ముట్టుకుంటే పెళుసుగ లేదు, మంచిగనే ఉన్నది. మూడు మూరలు తీసి పేనిన. పండ్లు ఇప్పుడు అంత గట్టిగ లేవు, రెండు సార్లు కొరికితే తెగింది.

"మొగడు లేనిదాని చేతిది కట్టుకోవద్దంటరు. నీ ఇష్టం."

చెయ్యి చాపిండు.

గోడ దిక్కు తిరిగి, అంగీ ఎత్తి, వంగి కట్టుకోవట్టిండు. లోపట నుంచి రొట్టెలాయన చూసి కట్టె పట్టుకొని ఉరికొచ్చిండు. "ఓ భాయ్! గోడకు పోస్తున్నవా! హమామ్ అక్కడున్నది!" అని హిందీల మొత్తుకున్నడు. నేను లేచి అడ్డం నిలబడ్డ. "కాదు భాయ్, అది కాదు" అనుకుంటనే నవ్వొచ్చింది. మా ఆయన పోయినంక నేను నవ్వింది అదే మొదలు.

"కొత్తది కట్టినంకనే పాతది తెంపు" అన్న, నా దిక్కున్న ఆయన వీపుతోని.

"తెలుసు వదినె."

తెంపి, ఏం చేయాలెనో తెల్వక చేతిల పట్టుకొని నిలబడ్డడు. రంగు పోయి బూడిద లెక్క ఉన్నది. ఇటు తే అన్న. మా దిక్కు పాతది పారే నీళ్ళల వేస్తరు. ఇక్కడ పారే నీళ్ళు లేవు, సముద్రమే. మామీర్ దిక్కు పోయినప్పుడు వేస్త అని రుమాలుల కట్టి పెట్టుకున్న.

ఆయన ఎక్కిన విమానం పోయి నాలుగు దినాలాయె. ఇంక వెయ్యలె.